చాచా ఏకేసిన పత్తి

పాల్వంచలో నేను కిరాయికి దిగిన కొత్తల్లోనే వీధంతా నాకు డాక్టరమ్మ అని పేరు పెట్టేసింది. ఇల్లుగలావిడ పంపు దగ్గర "మా ఇంట్ల ఉండే పిల్ల డాక్టరు సదువుతుంది" అని చెప్పడమే దానికి కారణం. మర్నాటి నుంచి ఫ్యాక్టరీ షిఫ్టులకు వెళ్లేవాళ్ల భార్యలు దగ్గే పిల్లల్ని చంకనేసుకుని మా గుమ్మం ముందుకు రావడం మొదలుపెట్టారు. నేను పురుగుల మీద చదువుతున్నానమ్మా అంటే, ఒకామె కాసేపు ఆలోచించి, "అయితే మావోని కడుపుల పురుగులకు మందియ్యి" అంది. నా పురుగులు పత్తిచేలోవని, వాటిని చంపడం కూడా నా పని కాదని, అవి ఎలా ఊపిరి తీస్తాయో, ఎలా నిద్రపోతాయో చూస్తుంటానని చెప్పేసరికి ఆమె నా వైపు జాలిగా చూసింది. ఖర్చుపెట్టి చదివించిన మా నాన్న మీద జాలి అయి ఉంటుంది.

ఇప్పుడు నిజంగానే పేరు ముందు డాక్టరు చేరింది. నగరంలో చల్లటి ల్యాబు, మీట నొక్కితే అన్నీ వాటంతటవే కొలిచి పెట్టే యంత్రాలు ఉన్నాయి. అయినా ఎండాకాలం వచ్చి, మేడమీద నా పాత దిండును ఎండబెట్టుకుంటున్నప్పుడు పాల్వంచ ఇంటి రేకుల వరండాయే గుర్తొస్తుంది. నేను పుట్టింది బోనకల్ దగ్గర. మా ఊరికంటే ఆ కిరాయి ఇల్లే ఎక్కువ తలుచుకుంటానని మా అమ్మ ఇప్పటికీ మూతి ముడుచుకుంటుంది. ఏం చేయను, అక్కడ నేను అంత సంతోషంగా ఉన్నాను.

ఇల్లుగలాయనను వీధంతా చాచా అనేది, ఆయన భార్యను చాచీ అనేది. నేనూ అలాగే పిలిచాను. తాతల నాటి నుంచి దూది ఏకి పరుపులు, దిండ్లు కుట్టడమే వాళ్ల పని. ముందు గదిలో దూలానికి ఒక పెద్ద విల్లు వేలాడుతుండేది. దాని నారిని కొట్టడానికి చేతి రాపిడికి నున్నబడిపోయిన చెక్క గూటం ఉండేది. పొద్దున షిఫ్టు బస్సులు వెళ్లిపోయి వీధి కాస్త సద్దుమణిగాక ఆ విల్లు మోత మొదలయ్యేది. నారి దెబ్బకు గడ్డకట్టిన దూది పొరలు పొరలుగా విడిపోయి గాల్లోకి లేచేది. కాసేపటికి చాచా కనుబొమ్మలు, మీసాలు, చెవుల మీది వెంట్రుకలు అన్నీ తెల్లబడిపోయేవి. చాచీ చాయ తెచ్చి, "ముసలోడివైనవ్ గదయ్యా" అని రోజూ అదే మాట అనేది. ఆయన రోజూ అప్పుడే విన్నట్టు నవ్వేవాడు.

చాచాకు ఒక పట్టింపు ఉండేది. ఎంత మంచి పత్తి అయినా సరే, ముందు ఎండకు చూపించనిదే చేయి వేసేవాడు కాదు. మేడమీద దుప్పట్లు పరిచి, మిట్టమధ్యాహ్నపు ఎండలో తిరగేస్తూ కూర్చునేవాడు. ఎండ తగలని దూది మనిషికి పడిశం పట్టిస్తుందని ఆయన నమ్మకం. లారీల దుమ్ము అటువైపు లేచిందంటే మాత్రం డ్రైవర్ల ఏడు తరాలకూ తిట్లు తప్పేవి కావు.

నా పని సంగతి కూడా కొంచెం చెప్పాలి. పత్తికాయను లోపల్నుంచి తినే గులాబి రంగు పురుగు ఒకటుంది. దాని పేరెత్తితే చాలు, మా వైపు రైతులు మొహం మాడ్చుకుంటారు. పంట అయిపోయాక అది చచ్చిపోదు. రెండు గింజల్ని సన్నని దారంతో దగ్గరికి అతికించుకుని, ఆ మధ్యన దూరి, తిండీ నీళ్లూ లేకుండా పడుకుంటుంది. పూర్తిగా విచ్చుకోకుండానే ఎండిపోయిన కాయలుంటాయి, గుడ్డికాయలంటారు, అలాంటి వాటిలో నెలల తరబడి ఉంటుంది. పుస్తకాల్లో దాన్ని సుప్తావస్థ అని రాస్తారు. నేను నిద్ర అనే అంటాను. మళ్లీ వానలు పడి కొత్త పత్తి ఎదిగే రోజులకు ఆ పురుగు లేచి, రెక్కలు తెచ్చుకుని ఎగిరిపోతుంది. దాన్ని లేపేది తడా, వేడా, పొద్దు పెరగడమా? అదే నా ప్రశ్న. నాకంటే ముందు చాలామంది అడిగిన ప్రశ్నే. కానీ మా ఎండకు, మా వానకు మా పురుగు ఏం చేస్తుందో నా కళ్లతో చూడాలని నాకు పట్టుదల.

చూడడానికి నా దగ్గరున్న సామాను చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. ఒక చిన్న గాజు బుడ్డి, దాని మూతిలోంచి బయటికి వచ్చే సన్నని గాజు గొట్టం, ఆ గొట్టంలో ఒక ఎర్ర నీటి బొట్టు. బుడ్డిలో పురుగును పెట్టి, అది వదిలే గాలిని పీల్చేసుకోవడానికి పక్కన కాస్త సున్నం లాంటి మందు పెట్టి మూసేయాలి. పురుగు ఊపిరి తీసుకునే కొద్దీ బొట్టు లోపలి వైపు జరుగుతుంది. మెలకువగా ఉన్న పురుగైతే మన కళ్లముందే జరుగుతుంది. నిద్రలో ఉన్న పురుగైతే పొద్దున పెట్టి మధ్యాహ్నం చూడాలి, అప్పటికి ఏదో కాస్త కదిలి ఉంటుంది. చచ్చినదైతే అసలు కదలదు. నా చదువంతా ఆ బొట్టు మీదే ఉండేది.

నా పీహెచ్‌డీ గైడు సారుకు నా పని మీద నమ్మకం తక్కువ. మంచివాడే, కానీ తొందర మనిషి. "ఈ వానలకు నీ పురుగులు లేచి, నువ్వు ఫలితం చూపిస్తే సరే. లేకపోతే మందుల ట్రయల్స్‌లోకి మారిపో" అని తేల్చి చెప్పేశారు. మందుల ట్రయల్ అంటే చేలో రకరకాల మందులు కొట్టించి, తర్వాత చచ్చిన పురుగుల్ని లెక్కపెట్టడం. అవసరమైన పనే, కాదనను. కానీ నాకు బతికున్న పురుగు కావాలి. దాని ఊపిరి కావాలి. జీవితమంతా చచ్చినవి ఏరుతూ గడపడం తలుచుకుంటేనే నాకు ఏడుపొచ్చేది.

అందుకే ఆ చలికాలం చివర్లో చేలన్నీ తిరిగి రెండు పెద్ద గోతాల నిండా గుడ్డికాయలు ఏరుకొచ్చాను. ఏసీ గదిలో పెడితే పాపం వాటికి ఎండాకాలం వచ్చిందో పోయిందో తెలియదు. కాబట్టి మా వరండాలో రేకుల కింద, ఎలుకలకు అందకుండా తాళ్లు కట్టి వేలాడదీశాను. వానలు పడేదాకా అవి అక్కడే నిద్రపోవాలి. "ఇవి నా చదువు సామాను చాచా" అని ఆయనకు చెప్పాను. చాచా గోతాన్ని తడిమాడు. లోపల ఉన్నది పత్తి అని వేళ్లకు తెలియగానే, అంతా అర్థమైనవాడిలా తలూపాడు.

నేను చాప మీద పడుకునేదాన్ని. నాకు నడుం నొప్పి ఉండేది, గట్టి నేలే హాయి. చాచీకి అది చూస్తే ప్రాణం ఉసూరుమనేది. పరుపులు కుట్టే ఇంట్లో ఒక ఆడపిల్ల చాప మీద పడుకోవడం ఆమెకు పరువు తక్కువ కూడా. ఇల్లుగలవాళ్లు ఇద్దరూ నా చాపను, నా గోతాలను కలిపి ఆలోచించుకున్నారని నాకు తెలియదు. ఈ పిల్ల పరుపు కుట్టించుకోవడానికి చేలల్లో రాలిన పత్తి ఏరుకుంటోంది, నోరు తెరిచి అడగడానికి మొహమాటపడుతోంది అని వాళ్లు అనుకున్నారు.

ఎండలు ముదిరిన రోజుల్లో హైదరాబాదులో ఒక సెమినారుకు వెళ్లాను. అందరికీ చూపించడానికి నిద్రపోతున్న పురుగునొకదాన్ని బుడ్డితో సహా వెంట తీసుకెళ్లాను. తిరిగొచ్చి బస్సు దిగి, చెమటలు కక్కుతూ ఇంటికి వచ్చి చూస్తే వరండాలో తాళ్లు మాత్రం ఊగుతున్నాయి. గదిలో నా చాప చుట్టి మూలన నిలబెట్టి ఉంది. దాని స్థానంలో కొత్త పరుపు, పువ్వుల గలేబు తొడిగిన దిండు. చాచీ నవ్వుకుంటూ చాయ తెచ్చింది. వెనకాలే చాచా చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. నేనేం అంటానా అని ఆయన ముఖం వెలిగిపోతోంది.

"చాచా, నా గోతాలేవి?" అన్నాను.

"గదే బిడ్డా ఇది. పండి సూడు."

"గింజలు? గింజలేం చేశారు?"

దానికి చాచీ సమాధానం చెప్పింది. "గింజలేం జేస్తరు, నానబెట్టి బర్రెకు పెట్టిన. ఎంత చిక్కగ ఇస్తుందో పాలు! ఈ చాయ గా పాలదే."

నా చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. నా చదువంతా బర్రె కడుపులోంచి చాయలోకి వచ్చి చేరింది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ రోజు అది ముక్కు దాటి నోట్లోకి వచ్చింది. అది పరుపు కోసం తెచ్చిన పత్తి కాదని, అందులో నా పురుగులున్నాయని గొంతు చించుకున్నాను. చాచా మొదట తెల్లబోయాడు, తర్వాత ఆయనకూ రోషం వచ్చింది.

"పురుగులున్నయనే గద బిడ్డా, ఎర్రటెండల ఆరబోసి, ఒక్కటి లేకుండ ఏరి, ఏకి మంచిగ జేసిన! నా నడుములిరిగినయ్. పురుగుల్ని ఎవలన్న దాసుకుంటరా?"

"నేను దాచుకుంటాను!"

"గట్లయితే చెప్పాలె గద! పత్తి సంచి కండ్ల ముంగట యాలాడుతుంటే దూది ఏకేటోని చెయ్యి ఊకుంటదా?"

నేను ఆ పరుపు, దిండు తీసుకెళ్లి వాళ్ల ముందు గదిలో పడేసి వచ్చాను. ఆయన "ఒద్దంటే ఒద్దు తీ" అని దిండును అటక మీదికి విసిరేశాడు. బర్రె మాత్రం దొడ్లో హాయిగా నెమరేసుకుంటూ ఉంది.

మర్నాడు షిఫ్టు బస్సులు వెళ్లిపోయాయి గాని విల్లు మోగలేదు. ఆ మోత లేని పొద్దు ఎంత వెలితిగా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. కాసేపటికి చాచీ ఆయన చేయి పట్టుకుని నా గుమ్మం దాకా లాక్కొచ్చింది. "ఏం పోయిందో ఒకపారి చూపియ్యి బిడ్డా. ముసలోడు రాత్రికెల్లి తిండి తింటలేడు" అంది. నా దగ్గర మిగిలింది సెమినారుకు తీసుకెళ్లిన ఆ ఒక్క పురుగే. బుడ్డి బల్ల మీద పెట్టి, బొట్టు ఎక్కడుందో అక్కడ గొట్టం మీద పెన్నుతో గీత గీశాను. "ఇది లోపల నిద్రపోతోంది చాచా. ఊపిరి తీసుకుంటే బొట్టు గీత దాటి లోపలికి జరుగుతుంది. కానీ చాలాసేపు పడుతుంది, మీరు వెళ్లి తినండి" అన్నాను.

ఆయన వెళ్లలేదు. ముక్కాలిపీట లాక్కుని, కళ్లద్దాలు తుడుచుకుని, బొట్టు ముందు కూర్చున్నాడు. పరుపు కోసం ఎవరో వస్తే మళ్లీ రమ్మని పంపించాడు. చాచీ రెండుసార్లు పిలిచినా పలకలేదు. నేను లోపల ఏదో రాసుకుంటుంటే మధ్యాహ్నం ఒక్కసారిగా కేకేశాడు.

"బిడ్డా! జరిగింది!"

వచ్చి చూశాను. గీతకూ బొట్టుకూ మధ్య సన్నని సందు కనిపిస్తోంది. "ఇంత సన్న పురుగు... ఊపిరి తీస్తుందా?" అన్నాడు. అవునన్నాను. "నిద్రల గూడ?" అవునన్నాను. ఆయన కళ్లద్దాలు సర్దుకుని, "అయితే నేను ఎండల ఆరబోసినప్పుడు గూడ..." అని మధ్యలో ఆపేశాడు. నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఆయన్ను చూస్తే జాలేసింది, నన్ను చూసుకుంటే ఇంకా జాలేసింది. అక్కడే నేల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. మందుల ట్రయల్స్ గురించి, గైడు సారు మాటల గురించి, వానలకు ఇంకెంతో గడువు లేదన్న సంగతి గురించి ఏడుస్తూనే చెప్పేశాను.

చాచా లేచాడు. "ఏడ్వకు. పురుగు పత్తి గావాలె, గంతే గద? నాకు దొరకదా పురుగు పత్తి?" అన్నాడు. టోపీ పెట్టుకున్నాడు, గొడుగు తీసుకున్నాడు. "పా, జల్దీ."

అలా మొదలైంది మా తిరుగుడు. ఆ చుట్టుపక్కల దూది ఏకేవాళ్లందరూ ఆయనకు చుట్టాలో స్నేహితులో. వాళ్ల దగ్గరకు చవకరకం పత్తి, గుడ్డికాయల పత్తి ఎప్పుడూ వస్తుంటుంది. బస్సు మారి బస్సు ఎక్కి ఖమ్మం వెళ్లాం, అక్కడి నుంచి బోనకల్ వెళ్లాం. మా ఊరి మీదుగానే వెళ్తూ ఇంటికి పోలేదని మా అమ్మకు ఆనక తెలిసి ఎంత గొడవ చేసిందో. ప్రతి ఇంట్లోనూ చాచా ముందు చాయ తాగి, కుశలం అడిగి, ఆ తర్వాత గొంతు సవరించుకుని, "మా బిడ్డకు పురుగులు గావాలె" అనేవాడు. అవతలివాళ్లు నన్ను ఎగాదిగా చూసేవాళ్లు. "డాక్టరు సదువు. మనకు సమజ్ కాదు తీ" అని ఆయనే సర్దేవాడు.

పత్తి దొరికింది. పురుగులూ దొరికాయి. కానీ జంట గింజలు విప్పి చూస్తే లోపల అన్నీ వడలిపోయి, నల్లబడి ఉన్నాయి. కాస్త బాగున్నట్టు కనిపించిన వాటిని బుడ్డిలో పెట్టి చూసినా బొట్టు ఉన్నచోటే ఉండేది. చాచా పట్టింపు ఆయన ఒక్కడిది కాదు, ఆ పని చేసేవాళ్లందరిదీ. ఇంటికొచ్చిన పత్తిని వచ్చినట్టే ఎండలో పరిచేశారు. జీవితమంతా అందరికీ ఆ పాఠమే చెప్పిన చాచా, తిరుగు బస్సులో కూర్చుని, "అందరు ఎండబెట్టిండ్రు! ఒక్కడన్న బద్ధకపోడు లేడాయె!" అని వాళ్లను తిట్టాడు. అంత దిగులులోనూ నాకు నవ్వాగలేదు. ఆయనకూ నవ్వొచ్చింది గాని కిటికీ వైపు తిరిగిపోయాడు.

అప్పటికే సాయంత్రాలు మబ్బులు కమ్మి విడిపోతున్నాయి. మామూలు చేలల్లో పత్తికట్టె ఎప్పుడో పీకి కాల్చేశారు. ఇక దారి లేదనుకుంటుంటే, ములకలపల్లి అవతల అడవి అంచున ఒక ఊరు చాచాకు గుర్తొచ్చింది. ఒకప్పుడు ఆయన విల్లు భుజాన వేసుకుని అక్కడికి బొంతలు కుట్టడానికి వెళ్లేవాడట. పత్తికట్టెతో మేకల కొట్టానికి దడి కట్టుకునే ఇల్లొకటి ఉందని, కాయలు కూడా దులపకుండా కట్టేస్తారని చెప్పాడు. దడి ఇంకా ఉందో లేదో తెలియదు. అయినా బుడ్డిని గుడ్డలో చుట్టుకుని బయల్దేరాం.

మేం వెళ్లేసరికి ఆ ఇంటి వాళ్లు తునికాకు కోసుకొచ్చి, ఇప్పచెట్టు నీడలో కూర్చుని కట్టలు కడుతున్నారు. ఇంటి పెద్దావిడ చాచాను గుర్తుపట్టింది. మేం వచ్చిన పని వినగానే తన వాళ్లకు వాళ్ల భాషలో ఏదో చెప్పింది, అందరూ పగలబడి నవ్వారు. "మా చేల ఈయేడు పురుగే పండింది. తీస్కపో, ఎంత గావాల్నో తీస్కపో" అంది నాతో. మేకల కొట్టం వెనక, చెట్టు నీడ రోజంతా పడే వైపు దడి ఉంది. ఎండిన కాయలు కట్టెకు అంటిపెట్టుకునే ఉన్నాయి.

ఒక కాయ చిదిపి, జంట గింజను గోటితో విప్పాను. లోపల గులాబి రంగులో బొద్దుగా, ముడుచుకుని పడుకుని ఉంది పురుగు. "బతికే ఉంది చాచా!" అన్నాను. ఆయన నమ్మలేదు. కంటితో చూసినదాన్ని నమ్మే దశ ఆయన దాటిపోయాడు. "బొట్టు వెట్టి సూడు" అన్నాడు. దాన్ని బుడ్డిలో పెట్టి, నులకమంచం మీద నీడలో ఉంచాను. ఆ ఇంటివాళ్లు కట్టలు కట్టడం మానేసి మంచం చుట్టూ చేరారు. పొద్దు తిరిగింది. మాకు జావ పోసి ఇచ్చారు, తాగాం. బొట్టు జరగడం అందరికంటే ముందు చాచాయే చూశాడు, కానీ ఈసారి అరవలేదు. గీతను వేలితో చూపించి నా వైపు చూశాడు.

"ఇగ సంపుతవా దీన్ని?" అంది పెద్దావిడ.

"లేదమ్మా, నిద్ర ఎప్పుడు లేస్తుందో చూస్తాను."

"ఇది మా నోట్ల మట్టి కొడుతుంటే నువ్వు నిద్ర లేపుతవా!"

"అది లేచే రోజు తెలిస్తే, ఆ రోజుకు మీ చేలో దానికి తిండి దొరక్కుండా చూసుకోవచ్చు."

ఆమె, "అయితే జల్దీ తెలుసుకో మరి" అని మళ్లీ ఆకు కట్టలు అందుకుంది. మా గైడు సారుతో సహా నా పని గురించి ఎవరూ నాకు అంత మంచి మాట చెప్పలేదు.

ఆ దడి కాయలే నన్ను నిలబెట్టాయి. వానలు పడ్డాయి. కొన్నింటిని తడి తగలనిచ్చి, కొన్నింటిని పొడిగా ఉంచి, రోజూ బొట్ల ముందు కూర్చున్నాను. తడి తగిలినవాటి బొట్లు ముందుగా వేగం పుంజుకున్నాయి. నెలల తరబడి కదిలీ కదలనట్టున్నవి కళ్లముందే జరుగుతుంటే నేను వరండాలో గెంతులేశాను. గైడు సారు పాల్వంచ వచ్చి, వరండాలో పీట మీద కూర్చుని స్వయంగా చూశారు. చాచీ ఇచ్చిన చాయ తాగి, "సరే, కానివ్వు" అన్నారు. ఆ మనిషి నోట అంతకంటే పెద్ద మెచ్చుకోలు నేనెన్నడూ వినలేదు.

కానీ చాచా మనసు తేలికపడలేదు. నా పని గాడిన పడిందని సంతోషించాడు గాని, మేడమీద పత్తి పరిచినప్పుడల్లా దాన్ని తిరగేస్తూ వేళ్లతో తడుముతుండేవాడు. ఒకసారి చాచీతో "ఎన్ని సచ్చినయో" అంటుంటే విన్నాను. పరుపులు కుట్టే మనిషికి పురుగుల పాపం అంటగట్టింది నా బుడ్డే కదా అని నాకు బాధగా ఉండేది.

ముసురు పట్టిన ఒక పొద్దున ఆయన నన్ను పిలిచాడు. అటక మీద కురుస్తోందని సామాను దించారట. నేను వద్దన్న దిండు అందులో ఉంది. దాని పువ్వుల గలేబు మీద చాచా ఒక గాజు గ్లాసు బోర్లించి, కదలకుండా పట్టుకుని కూర్చున్నాడు. గ్లాసు లోపల చిన్న బూడిదరంగు రెక్కల పురుగు.

"ఇది నీదేనా సూడు" అన్నాడు.

భూతద్దం తెచ్చి చూశాను. రెక్కల మీద నల్లటి చారలు. దిండు కుట్టు సందులో పురుగు విడిచిన గోధుమరంగు పొట్టు, లోపల ఖాళీ. ఎండలో ఆరబోసినప్పుడు, గింజలు ఏరినప్పుడు, గూటం దెబ్బలు పడినప్పుడు ఎలా తప్పించుకుందో, దూదిలో చిక్కుకుని నిద్ర కొనసాగించింది. వానల చెమ్మకు లేచింది.

"నాదే చాచా" అన్నాను.

"నిజంగ చెప్పు."

"నిజంగా నాదే."

"అయితే అన్నింటిని నేను సంపలే" అన్నాడు. కళ్లద్దాలు తీసి లుంగీ అంచుతో తుడుచుకున్నాడు, ఆ తర్వాత కళ్లు తుడుచుకున్నాడు.

దాన్ని బయట వదిలేయడానికి లేదు, చుట్టూ పత్తిచేలు. చంపడానికి ఆ ఇంట్లో ఎవరికీ చేతులు రాలేదు. సీసాలో పెట్టి, తేనె నీళ్లలో తడిపిన దూది అందించాను. అలాంటి పురుగులు దాన్నే చప్పరిస్తాయి. మర్నాటి నుంచి ఆ పని చాచా తీసుకున్నాడు. రోజూ పొద్దున్నే విల్లు మీద ఇంత తెల్లటి దూది ఏకి, తేనె నీళ్లలో ముంచి, పాతది తీసి కొత్తది పెట్టేవాడు. "పురుగుకు పరుపేసినవా" అని చాచీ ఎగతాళి చేసేది. అది తన ఆయుష్షు తీరేదాకా బతికి, తనంతట తనే పోయింది. ఆ రోజు చాచా దిండు తెచ్చి నా చేతిలో పెట్టి, "ఇప్పుడన్న తీస్కపోతవా?" అన్నాడు. తీసుకున్నాను.

చదువు అయిపోయి నగరానికి వచ్చేశాక కూడా ఫోన్లు నడిచాయి. ఫోం పరుపులు వచ్చి ఆయన పని తగ్గిపోయింది. ఆ కాస్త దూదీ యంత్రం మీద ఏకించుకునేవాళ్లు ఎక్కువయ్యారు. విల్లు దింపేసి గోడకు ఆనించామని చాచీ చెప్పింది. ఏదో ఒక సాయంత్రం చాచీ ఫోన్ చేసి, "లైటు కాడ పురుగు వాలింది బిడ్డా. నీదేమో అడుగు అంటుండు" అనేది. ఎట్లా ఉందో చెప్పమంటే చాచా ఫోన్ లాక్కుని, రెక్కల రంగు, మీసాల పొడుగు, కూర్చున్న తీరు అన్నీ చెప్పేవాడు. అది వరిచేను పురుగు చాచా, అది గడ్డి పురుగు చాచా, అనేదాన్ని. "సరే మల్ల" అని పెట్టేసేవాడు. ఫోన్ పెట్టేశాక నాలో నేనే చాలాసేపు నవ్వుకునేదాన్ని.

పోయిన ఏడాది చాచా పోయాడు. నేను వెళ్లేసరికి అంతా అయిపోయింది. రేకుల వరండా అలాగే ఉంది, నేను కట్టిన తాళ్ల ముక్కలు కూడా దూలానికి ఉన్నాయి. చాచీ నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని, ఆయన పాన్‌లో సున్నం పెట్టుకునే డబ్బీ తెచ్చి ఇచ్చింది. సున్నం శుభ్రంగా కడిగేసి ఉంది. లోపల దూది పరిచి, దాని మీద ఎండిపోయిన రెక్కల పురుగులు వరసగా పెట్టి ఉన్నాయి.

"మాటిమాటికి ఫోన్ జేస్తే పనిల ఉంటదేమో అని, లైటు కాడ సచ్చినవన్ని ఏరి పెట్టిండు. నువ్వొస్తే సూపియ్యమన్నడు. ఉన్నయా బిడ్డా, అండ్ల నీయి?" అంది.

వెలుతురులోకి తీసుకెళ్లి ఒక్కొక్కటే చూశాను. వరి పురుగులు, గడ్డి పురుగులు, ఇంట్లో బియ్యానికి పట్టేవి. ఒక్కటి కూడా గులాబి పురుగు కాదు.

"అన్నీ నావే చాచీ" అని చెప్పి, డబ్బీ తెచ్చుకున్నాను.